మా సంఘం మైకు సెట్టు, ఏడాది వాడాక

పోయిన బతుకమ్మకు ముందు మా మహిళా సంఘం తరఫున 250 వాట్ల మైకు యాంప్లిఫైయర్ ఒకటి, నాలుగు హారన్లు, రెండు మైకులు కొన్నాం. మాది పరకాల దగ్గర చిన్న ఊరు. అంతకుముందు ఏటా కిరాయి సెట్టే. రోజుకు 1,500 చొప్పున తొమ్మిది రోజులకు 13,500. సంఘం లెక్కలు రాసేది నేనే కాబట్టి ఆ అంకెను ఏటా నా చేత్తోనే రాసేదాన్ని. రాసినప్పుడల్లా ఒళ్లు మండేది. పోనీ పాట సరిగ్గా వినబడిందా అంటే అదీ లేదు. గుడి ముందు ఆడేవాళ్లకు చెవులు పగిలేవి, చెరువు కట్ట దగ్గర ఆడేవాళ్లకు ఈగ గీపెట్టినట్టు ఉండేది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు పెట్టెలు ముందు నుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. మైకులకు ఐదారు నాబ్‌లు, బాస్, ట్రెబుల్, మాస్టర్, పెన్‌డ్రైవ్ పెట్టే చోటు. చూడాల్సింది వెనక భాగం. ఆ సంగతి నాకు వరంగల్ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో తెలిసింది. అప్పటికి రెండు దుకాణాలు తిరిగాం. రెండుచోట్లా "ఎన్ని వాట్లు కావాలె?" అనే అడిగారు. మూడో చోట పెద్దాయన మాత్రం "వైరు ఎంత దూరం గుంజుతరు బిడ్డా?" అని అడిగాడు. వంద మీటర్లు ఉంటుందన్నాను. వెంటనే యాంప్లిఫైయర్‌ను వెనక్కి తిప్పి, హారన్ తీగలు బిగించే టెర్మినళ్లు చూపించాడు. కామన్ అని ఒకటి, పక్కన 4 ఓమ్‌లు, 8, 16, ఆ తర్వాత 70 వోల్ట్‌లు, 100 వోల్ట్‌లు. "మీకు కావాల్సింది ఈ చివరిది" అన్నాడు. హారన్లు కూడా లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవే తీసుకోమన్నాడు. ఒక్కోదానికి కొంచెం ధర ఎక్కువ. నేను బేరం ఆడాను, ఆయన తగ్గలేదు. చివరికి రెండు ఫ్యూజులు ఊరికే ఇచ్చాడు. ఆ రెండు ఫ్యూజులే తర్వాత మా పరువు కాపాడాయి.

100 వోల్ట్‌ల లైన్ అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది మా మరిది. ఆయనది మోటార్లు చుట్టే పని. "వదినా, పొలం కాడి ట్రాన్స్‌ఫార్మర్ లెక్కనే గిది. సబ్‌స్టేషన్ల నుంచి 11 వేల వోల్ట్‌లతోని ఎందుకొస్తది? వోల్టేజీ ఎక్కువుంటే కరెంటు తక్కువ పారుతది, వైర్ల నష్టం తక్కువ. మోటారు కాడికొచ్చినంక దించుకుంటం" అన్నాడు. ఇక్కడ యాంప్లిఫైయర్ సబ్‌స్టేషన్, హారన్‌లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పొలం దగ్గరిది.

తర్వాత ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు, వంద మీటర్లు పోయి రావాలంటే రెండు వందల మీటర్లు. దాని అడ్డంకి దాదాపు మూడున్నర ఓమ్‌లు. కిరాయి సెట్టులో 16 ఓమ్‌ల హారన్లు నాలుగు పారలల్‌గా (అన్నీ అవే రెండు తీగలకు) కట్టేవాళ్లు, అప్పుడు అడ్డంకి నాలుగో వంతుకు తగ్గి మొత్తం నాలుగు ఓమ్‌లే. యాంప్లిఫైయర్ పంపిన దాంట్లో దాదాపు సగం వైరే తినేస్తుంది. ఇన్నేళ్లూ మేము 13,500 పెట్టి వైరును వేడి చేసుకున్నామన్నమాట. అదే 100 వోల్ట్‌ల లైన్ మీద 40 వాట్ల హారన్లు నాలుగు, మొత్తం 160 వాట్లు కడితే ఆ వైరులో పోయేది ఇరవైలో ఒక వంతు. కిరాయి సెట్టు తెచ్చే పిలగాడిని నేను ఏళ్ల తరబడి తిట్టాను, తిట్టాల్సింది వైరును.

100 వోల్ట్‌ల లైన్‌తో ఇంకో సుఖం, కట్టడానికి తలనొప్పి లేదు. ఓమ్‌ల లెక్క అక్కర్లేదు. హారన్ల వాట్లన్నీ కూడండి, యాంప్లిఫైయర్ వాట్లకు తక్కువ ఉంటే చాలు. 250కి మేము 160 వాడుతున్నాం. అది గంటల తరబడి నడుస్తుంది, మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ టెర్మినల్ దగ్గర షాక్ కొట్టేంత వోల్టేజీ ఉంటుంది. పాట నడుస్తుండగా తీగలు ముట్టొద్దు. అతుకులకు టేపు వెయ్యాలి, పిల్లలు అందుకోని ఎత్తులో కట్టాలి.

ఇక ఎంగిలిపూల బతుకమ్మ నాటి సంగతి. గుడి గదిలో పాత హారన్ ఒకటి మూలన పడి ఉంది. ఉన్నది వదిలేయడం ఎందుకని ఒక తమ్ముడు దాన్ని కూడా ఐదోదిగా లైన్‌కు తగిలించాడు. అది ట్రాన్స్‌ఫార్మర్ లేని 16 ఓమ్‌ల రకం. స్విచ్ వేసి మాస్టర్ పెంచగానే పాట బొంగురుపోయింది, గరగరమంది, ఆగిపోయింది. బతుకమ్మలు పెట్టుకుని ఊరంతా నిలబడి ఉంది. మా పెద్దమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. మరిది వచ్చి ఆ పాత హారన్ చూసి తల కొట్టుకున్నాడు. 100 వోల్ట్‌లకు 16 ఓమ్‌లు నేరుగా కడితే అది 625 వాట్లు అడుగుతుంది. 250 ఇచ్చే పెట్టె ఎక్కడ తేగలదు? ఫ్యూజు కాలిపోయింది. ఆ తమ్ముడే మళ్లీ "వైరు పోగు ఒకటి వేసి నడిపిద్దామక్కా" అన్నాడు. వద్దని కసిరి, దుకాణం పెద్దాయన ఇచ్చిన ఫ్యూజు వేశాం. పదిహేను నిమిషాల్లో పాట మొదలైంది. తప్పు మాది, పెట్టెది కాదు.

మైకు కూత పెట్టడం గురించి. మొదటి రెండు రోజులు ఒకటే కీచుమని విజిల్. హారన్‌లో వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెరిగి, మళ్లీ హారన్‌లో రావడమే ఆ కూత. పాడేవాళ్లు హారన్ల ముందు నిలబడితే ఎంత మంచి సెట్టయినా కూయాల్సిందే. హారన్లను పాడేవాళ్ల కంటే ముందుకు జరిపి, మూతులు అవతలికి తిప్పాం. సగం తగ్గింది. మిగతా సగం మా పెద్దమ్మ చేతిలో ఉంది. ఆమె మైకును మక్కకంకి పట్టినట్టు జాలీ మీద పిడికిలి బిగించి పట్టుకుంటుంది. మా మైకులు ముందు నుంచి వచ్చే గొంతును ఎక్కువగా, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకునే రకం. జాలీని చేత్తో మూస్తే ఆ గుణం పోతుంది, అన్ని వైపుల నుంచీ లాగుతుంది. "కింద పట్టుకో పెద్దమ్మా" అని రోజూ చెప్పాలి. రోజూ చెప్తాను. వాడని రెండో మైకు నాబ్ సున్నాకు తిప్పడం కూడా అలవాటు చేసుకోండి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది చప్పట్ల సంగతి. గుడి దగ్గర ఒక గుంపు, కట్ట దగ్గర ఒక గుంపు ఆడుతుంటే, కట్ట దగ్గరి వాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపించేది. పక్కనున్న హారన్‌లో ఒకసారి, గుడి హారన్‌లో ఇంకోసారి. వైరులో పాట రెప్పపాటులో వస్తుంది కానీ గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది. వంద మీటర్లకు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం. చప్పట్లు తప్పడానికి అది చాలదా! "ఉయ్యాలో" అని ఒక వరస అంటుంటే ఇంకో వరస ఇంకా ముందు మాటలోనే ఉండేది. గుడి హారన్లను కట్ట వైపు కాకుండా ఇళ్ల వైపు తిప్పి, కట్ట హారన్లను చెరువు వైపు తిప్పాక చాలా వరకు సర్దుకుంది. రెండు హారన్లు పక్కపక్కన ఉంటే ప్లస్, మైనస్ తీగలు రెండింటికీ ఒకేలా కట్టాలి. తిరగేస్తే మధ్యలో నిలబడ్డవాళ్లకు పాట పల్చబడుతుంది. మేము ఒక తీగకు ఎర్ర దారం కట్టుకున్నాం.

బాస్ పెంచమని పిల్లలు అడుగుతూనే ఉంటారు. పెంచకండి. హారన్‌లో గొంతు ఖంగుమంటుంది కానీ డీజే దరువు పలకదు. పలికించబోతే లోపల కంపించే పల్చటి పొర, అదే డయాఫ్రం, చిరుగుతుంది. మాకు కావాల్సింది పెద్దమ్మ గొంతు, దానికి హారనే సరి. బ్లూటూత్ ఉంది కానీ ఒక్కసారే వాడాను. పాట మధ్యలో నా ఫోన్ రింగైతే ఊరంతా విన్నది. అప్పటి నుంచి పెన్‌డ్రైవే.

సద్దుల నాడు చెరువు గట్టు మీద కరెంటు ఉండదని బ్యాటరీతో నడిపాం. ఈ పెట్టెకు 24 వోల్ట్‌లు కావాలి, అంటే 12 వోల్ట్‌ల ట్రాక్టర్ బ్యాటరీలు రెండు వరసలో కట్టాలి. ఫుల్లుగా పెడితే పది ఆంపియర్లకు మించి లాగుతుంది కాబట్టి సన్న వైరు పనికిరాదు, లావు వైరు వాడాం. బ్యాటరీ దగ్గర తీగలు తారుమారు కాకుండా మరిది దగ్గరుండి చూశాడు. రాత్రి పదికి ఆపేశాం. పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు కానీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. అడిగే ఆడబిడ్డలకు ఆ మాటే చెప్పాను.

నచ్చనివి రెండు. బరువు బాగా ఎక్కువ, నేనొక్కదాన్నే ఎత్తలేను. కరెంటు వైరు పక్క నుంచే మైకు వైరు లాగితే గుయ్‌మని మోత వస్తుంది. రెండూ వేరు దారుల్లో లాగి, ఎర్త్ ఉన్న ప్లగ్గులో పెట్టాక ఆ మోత పోయింది.

యాంప్లిఫైయర్‌కే 18 వేల చిల్లర అయింది, హారన్లు, వైరు, మైకులు కలిపితే 30 వేలు దాటింది. రెండున్నరేళ్ల కిరాయితో సమానం. బతుకమ్మ తర్వాత అది బడిలో జెండా పండుగకు పోయింది, రెండు పెళ్లిళ్లకు పోయింది. ఇచ్చినప్పుడు రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటున్నాను. ఒక పెళ్లి నుంచి వైరు పది మీటర్లు తక్కువ వచ్చింది, అడిగితే నవ్వారు. మైకు స్టాండు ఇంకా కొనలేదు. ప్లాస్టిక్ కుర్చీకి కర్ర కట్టి దానికి మైకు బిగిస్తున్నాం. పెద్దమ్మ పిడికిలి పడకుండా ఉండటానికి అదే బాగుంది.