ఫాంటమ్ బొమ్మ ఎవరు గీశారో చెప్పే పాత పుస్తకాల కొట్టు, నెల్లూరు

నెల్లూరులో గాంధీబొమ్మ దగ్గర్నుంచి లోపలికి పోయే ఒక సందులో చిన్న పాత పుస్తకాల కొట్టుంది. బోర్డు లేదు, ముందంతా ఇంటర్ గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలే కాబట్టి చాలామంది అట్నే దాటిపోతారు. లోపల రెండు అట్టపెట్టెల నిండా ఇంద్రజాల్ కామిక్స్, అంటే పాత బొమ్మల కథల పుస్తకాలు ఉన్నాయి. పాత కామిక్స్ అమ్మేవాళ్లు చెన్నైలోనూ ఉన్నారు గానీ, బొమ్మలేసింది ఎవరో చూసి ప్రతి పుస్తకానికీ చీటీ రాసిపెట్టే పెద్దాయన్ని మాత్రం నేను ఇక్కడే చూశా.

ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలై 1990 దాకా వచ్చింది. అందులో వచ్చే అడవి ముసుగు వీరుడు ఫాంటమ్ కథలు రాసిన లీ ఫాక్ పేరు అందరికీ తెలుసు, గీసినవాళ్ల పేర్లే తెలీవు. అమెరికా పేపర్లలో వచ్చిన స్ట్రిప్పుల్ని, అంటే వరస బొమ్మల కథల్ని, ఇక్కడ పుస్తకం సైజుకి కత్తిరించి సర్ది వేసేవాళ్లు, ఆ కత్తిరింపులో మూలనుండే సంతకం పోతే ఇంక గీత చూసి గుర్తుపట్టాల్సిందే.

నేను పోయినప్పుడు పెద్దాయన రెండు పుస్తకాలు తెరిచి ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెట్టి, "మొహం చూడబాక నాయనా, చేతులు చూడు" అన్నాడు. ఒకదాంట్లో పిడికిలి నాలుగు గీతల్తో అయిపోయింది, వెనక అడవి అంటే రెండు చెట్లు, కొన్ని ఆకులు, అంతే, అది విల్సన్ మెకాయ్. రెండోదాంట్లో వేళ్ల కణుపులు, చొక్కా ముడతలు, చెట్ల ఊడలు, ఒంటి కండల మీద నీడ అన్నీ ఉన్నాయి, అది సై బ్యారీ. మెకాయ్ 1961లో చనిపోయాక మధ్యలో కొన్నాళ్లు బిల్ లిగ్నాంటే వేశాడు, తర్వాత 1994 దాకా బ్యారీనే. అందరికంటే ముందు, 1936లో మొదలుపెట్టింది రే మూర్, ఆయన బొమ్మలో నలుపు ఎక్కువ, మనిషి చీకట్లోంచి బయటికొస్తున్నట్టు ఉంటాడు. చిన్నప్పుడు కావలిలో మా మామయ్య పెట్టెలో ఇవన్నీ చదివినోణ్ణే, ఒకే ఫాంటమ్‌ని ఇంతమంది గీశారని నాకు ఆ రోజే తెలిసింది.

నాకు బాగా నచ్చింది ఏందంటే కొన్ని చీటీల మీద "బ్యారీ" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుంటాడు. అడిగితే, బ్యారీ దగ్గర జార్జ్ ఓలెసెన్, ఆండ్రే లెబ్లాంక్ లాంటి వాళ్లు పనిచేశారు, సంతకం ఒకరిది, పెన్సిల్ పని ఇంకొకరిది అయ్యుండొచ్చు, నాకు తేలందాన్ని తేలినట్టు రాయను అన్నాడు. ఈ మాటకే నేను ఆ కొట్టుకి మళ్లీ మళ్లీ పోతుండా. ఎందుకంటే పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర "రే మూర్ బొమ్మలు" అంటే నమ్మి రెండు వేలు పెట్టి కొన్నా, దాన్ని తీసుకొచ్చి చూపిస్తే పెద్దాయన రెండో పేజీ కూడా తిప్పకుండానే బ్యారీ అని చెప్పేశాడు, నాకూ ఆ చేతులు కనపడ్డాయి అప్పుడు. డబ్బులు వెనక్కి రాలేదు.

అట్టల సంగతి ఇంకోటి. లోపల అమెరికా వాళ్ల బొమ్మలే అయినా పాత అట్టలు చాలావరకు మన గోవింద్ వేసినవి. 1976లో రచయిత ఆబిద్ సూర్తీ బహాదూర్ అనే మన దేశపు వీరుడి కథలు మొదలుపెట్టినప్పుడు లోపలి బొమ్మలు కూడా ఈ గోవిందే వేశాడు. అట్ట మీద రంగులేసిన మనిషే లోపల గీత గీస్తే ఎట్టా ఉంటాదో చూడాలంటే ఆ బహాదూర్ పుస్తకాలు అడిగి తీయించుకోండి, పైన పెట్టడు. మాండ్రేక్ అనే ఇంద్రజాలికుడి కథలు తక్కువే ఉన్నాయి, ఫిల్ డేవిస్‌వి, ఆయన 1964లో పోయాక అందుకున్న ఫ్రెడ్ ఫ్రెడెరిక్స్‌వి విడివిడిగా కట్టి పెట్టాడు.

రేటు పుస్తకాన్ని బట్టి 150 నుంచి 400 దాకా, బేరం లేదు. నాకు నచ్చనిది ఒక్కటే, చీటీని గుండుసూదితో గుచ్చుతాడు, పాతవాటికి తుప్పు మరక అట్ట మీద దిగిపోయింది, చెప్తే ఈసారి ప్లాస్టిక్ కవర్లు తెస్తానన్నాడు. ఫోన్‌పే లేదు, నోట్లు తీసుకోని పోండి. ఆదివారం పొద్దున పదిలోపల పోతే కూర్చోబెట్టి చూపిస్తాడు, ఆ తర్వాత గైడ్ల కోసం పిల్లలొస్తారు, ఆయనకి తీరిక ఉండదు.