సముద్ర తీరంలో ప్లాటు కొనేవారికి హెచ్చరిక: రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు కట్టుకునే హక్కు రాదు

తిరుపతిలో ఉంటూ వాకాడు మండలం తూపిలిపాళెం వైపు తీరంలో ఇంటి స్థలం కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మాకు ప్లాటు చూపిన సంస్థ ఈసీ (ఆస్తిపై లావాదేవీలు చూపే ధృవపత్రం), లింకు డాక్యుమెంట్లు, పంచాయతీ అనుమతి పత్రం అన్నీ చూపింది గానీ, ఆ సర్వే నంబరు సీఆర్‌జెడ్ (తీరంలో నిర్మాణాలను నియంత్రించే కోస్టల్ రెగ్యులేషన్ జోన్) పటంలో ఏ విభాగంలోకి వస్తుందని అడిగితే మాత్రం మాట దాటవేసింది. ఆమోదిత పటం ఆధారంగా సర్వేయరు చేత కొలిపించగా, ఆ ప్లాటు సముద్రపు పోటు రేఖకు (పోటు వేళ నీరు చేరే హద్దుకు) 200 మీటర్ల లోపలే ఉందని తేలింది. మేమిచ్చిన టోకెన్ (బయానా) సొమ్ము తిరిగి ఇమ్మంటే, రిజిస్ట్రేషన్ చేసి ఇస్తామంటున్నాం కదా అని వాదిస్తున్నారు.

అసలు ప్రమాదం ఆ వాదనలోనే ఉంది. ఈసీలో క్రయవిక్రయాలు, తాకట్టులు కనబడతాయే తప్ప సముద్రం ఎంత దూరమో కనబడదు. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం, చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే తక్కువ జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు నో డెవలప్‌మెంట్ జోన్; అక్కడ మనవంటి బయటివారు కొత్తగా ఇల్లు కట్టడానికి వీలులేదు. పంచాయతీ అనుమతి ఉంది కదా అని ధైర్యపడేవారు కొచ్చి దగ్గరి మరడు అపార్ట్‌మెంట్లను గుర్తు చేసుకోవాలి. 2006లో పంచాయతీ ఇచ్చిన అనుమతులతోనే అవి లేచాయి, కుటుంబాలు కాపురాలు పెట్టాయి. అయినా సీఆర్‌జెడ్ ఉల్లంఘన రుజువై, సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో నాలుగు సముదాయాలను పేల్చి కూల్చివేశారు.

ఆ 200 మీటర్ల హద్దుకు అవతల స్థలం దొరికినా, కట్టడం విషయంలో ఏమరపాటు తగదు. ఉప్పు గాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి చొరబడి ఇనుమును తుప్పు పట్టిస్తాయి, ఆ తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులు ఊడుతుంది. అందుకే తీరపు గాలికి నేరుగా గురయ్యే కట్టడాలకు కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 కాంక్రీటు (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత బలం), ఇనుముపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలంటుంది. మాకు ఇచ్చిన ఇంటి ఎస్టిమేటులో మాత్రం ఎం20 అని రాసి ఉంది.

టోకెన్ ఇవ్వకముందే సర్వే నంబరుతో సహా సీఆర్‌జెడ్ స్థితిని రాతపూర్వకంగా అడగండి, ఏపీ రెరా (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదును సరిచూసుకోండి. ఇప్పటికే డబ్బు కట్టినవారు రసీదులు, బ్రోచరు, వాట్సాప్ సందేశాలు భద్రపరచుకోండి. రోడ్లు, కాలువలు వేసి ఇస్తామని అమ్మిన లేఅవుట్ ప్లాటుపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి గడువు రెండేళ్లు.