రాక్షసుల నవలలు: పుస్తకానికో రాక్షసుడా, ఒకే లావుపాటి నవలా?

డిసెంబరులో బుక్ ఫెయిర్ దగ్గరపడిందంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. పిల్లాడు డ్రాగన్లు, రాక్షసులు తప్ప ఇంకేదీ ముట్టుకోవడం లేదు, పుస్తకానికో రాక్షసుడు వచ్చే సీరీస్ కొనాలా, లావుపాటి నవల ఒకటి ఇప్పించాలా? అందరూ పేజీలు, అక్షరాల సైజు, ధర చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది రాక్షసుడు ఎలా పడతాడన్నది.

మనకిది కొత్త విద్యేం కాదు. హిరణ్యకశిపుడి వరంలో ఎన్ని షరతులున్నాయో, నరసింహుడు వచ్చిన వేళా చోటూ ఆ షరతుల మధ్య సందులోనే కుదిరాయి. భస్మాసురుడి చావు వాడి చేతిలోనే ఉంది. రాక్షసుడి బలం చెప్పినప్పుడే లోపం కూడా కథలో ఎక్కడో పడి ఉండాలి. హీరోకి తట్టడానికి ఒక్క పేజీ ముందు చదివే పిల్లకి తట్టిందా, ఆ పుస్తకం కిందపెట్టదు. అలా కాకుండా ఆఖరి అధ్యాయంలో కత్తి దానంతటది వెలిగిపోయి, లేదా ఎక్కడినుంచో మాంత్రికుడు ఊడిపడి కాపాడేస్తే, "అదేంటి, అలా ఎలా చచ్చాడు?" అని అడిగి ఊరుకుంటుంది. రెండో భాగం అడగదు.

కాబట్టి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకం చేతికి రాగానే చివరి రెండు అధ్యాయాలు తిప్పండి. రాక్షసుడిని పడగొట్టిన వస్తువో, ఉపాయమో ఏంటో చూడండి. తర్వాత మొదటి సగంలోకి వెళ్లి అదెక్కడైనా మామూలుగా, గొప్పలేకుండా కనిపించిందేమో వెతకండి. కనిపిస్తే తీసుకోండి, లేకపోతే అట్ట మీద బొమ్మ ఎంత బాగున్నా వదిలేయండి.

పుస్తకానికో రాక్షసుడు అనగానే ఎక్కువగా చేతికొచ్చేది బీస్ట్ క్వెస్ట్. ఇంగ్లండ్‌లో 2007లో మొదలైంది. అట్ట మీదున్న ఆడమ్ బ్లేడ్ ఒక మనిషి పేరు కాదు, కొందరు రచయితలు కలిసి వాడే కలం పేరు. మొదట్లో వచ్చినవి ఆరేసి పుస్తకాలు ఒక సెట్టు. మొదటి సెట్టులో నిప్పుల డ్రాగన్, సముద్రపు పాము, కొండంత మనిషి, ఇలా ఆరు జీవాలుంటాయి. అసలవి చెడ్డవి కావు, మాల్వెల్ అనే మాంత్రికుడి మంత్రానికి లొంగి ఊళ్ల మీద పడుతుంటాయి. టామ్ అనే కుర్రాడు వాటిని చంపడు, మంత్రం విడిపిస్తాడు. చిన్న పిల్లలకు ఇది మంచి నమూనా.

దీని కీలకం టామ్ డాలు. డ్రాగన్ పొలుసు చేరితే నిప్పు నుంచి, పాము పన్ను చేరితే నీటి నుంచి కాపాడుతుంది. అలా ఒక్కో జీవం ఇచ్చిన వస్తువు ఆ తర్వాతి పుస్తకాల్లో పనికొస్తుంది. అందుకే వరస తప్పిందా, మొత్తం చెడుతుంది. నాలుగోది ముందు చదివిన పిల్లకి ఆ డాలు శక్తులన్నీ ఉత్త గారడీలా అనిపిస్తాయి, పైన చెప్పిన పరీక్షలో పుస్తకం అన్యాయంగా తప్పుతుంది. పాత పుస్తకాల్లో విడివిడిగా దొరుకుతాయి కనుక నంబరు చూసి, ఒక సెట్టులో మొదటి మూడూ చేరాకే ఇవ్వండి. నాలుగో పుస్తకానికి వచ్చేసరికి తర్వాతేం జరుగుతుందో పిల్లలే చెప్పేస్తారు. కొత్తగా సొంతంగా చదివేవాళ్లకు ఆ ఊహ అందడమే పెద్ద ఊతం. చదువు సాఫీ అయ్యాక అదే విసుగు. ఒకటి రెండు సెట్లు చాలు.

లావు నవలల్లో 2005లో వచ్చిన పెర్సీ జాక్సన్ మొదటి భాగం తీసుకోండి, గ్రీకు పురాణాల రాక్షసులు ఈ కాలంలో ఒక కుర్రాడి మీద పడే కథ. 22 అధ్యాయాలు, పదేళ్లు దాటినవాళ్లకు. మెడూసా అనే గ్రీకు రాక్షసి ఘట్టం ఒక్కటి చాలు, పనితనం తెలుస్తుంది. తోట విగ్రహాలమ్మే కొట్టు, ముసుగేసుకున్న యజమానురాలు, భయంతో బిగుసుకున్న ముఖాల విగ్రహాలు. వాటిలో ఒకటి అచ్చం మా మామయ్యలా ఉందేంటని పెర్సీ స్నేహితుడు అనుమానపడతాడు. కళ్లు కలిస్తే రాయైపోతారన్న సంగతి గ్రీకు కథలు తెలియని పిల్లలకు కూడా ఆ విగ్రహాలను బట్టి మెల్లగా అందుతుంది. పెర్సీ అక్కడున్న గాజు గోళంలో ఆమె ప్రతిబింబం చూస్తూ కత్తి దూస్తాడు. హిరణ్యకశిపుడి గడపకు తీసిపోని సందు అది. అలాగని పుస్తకమంతా ఇంత బిగువుగా ఉండదు. మొదటి అధ్యాయంలో లెక్కల టీచరు రాక్షసిగా మారితే, ఇంకో మాస్టారు విసిరిన పెన్ను పెర్సీ చేతికందగానే కత్తైపోతుంది. కానీ ఆ పెన్ను చివరిదాకా నిలుస్తుంది కనుక క్షమించవచ్చు.

పిల్లకి చదువు అలవాటైందా, నా ఓటు లావు నవలకే.

తెలుగులోనే కావాలంటే దాసరి సుబ్రహ్మణ్యం చందమామకు రాసిన సీరియళ్లున్నాయి. నెలనెలా వచ్చినవి కనుక ప్రతి భాగం ఒక గండంలో ఆగుతుంది, తర్వాతి భాగం అక్కడే అందుకుంటుంది. ఏకబిగిన చదివితే ఊపిరాడదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు రాత్రికో భాగం పెద్దవాళ్లు చదివి వినిపించి, గండం దగ్గర ఆపి, ఎలా బయటపడతారో అడగండి. మన పరీక్షకు నవలకంటే ఇదే నెమ్మదైన దారి.

చిలుకలో మాంత్రికుడి ప్రాణం పెట్టే బాలనాగమ్మ తరహా కథల్లో లోపం ముందే తెలిసిపోతుంది, మిగిలేది ప్రయాణమే. దారి బాగుంటే తీసుకోండి. గూస్‌బంప్స్ అనే ఇంగ్లిష్ భయం కథల సీరీస్‌లో ప్రతి అధ్యాయం చివరా ఉత్తుత్తి బెదిరింపు, ఆఖర్న ఒక మెలిక. రాక్షసుడు నిజంగా పడడు కనుక ఈ తూకానికి అందదు. డ్రాగన్‌తో స్నేహం చేసే కథలకు అసలు ఈ పరీక్షే వర్తించదు, వాటిని భయపడే పిల్లలకు ఇవ్వండి.