డొమైన్ పేరులో కీవర్డ్ ఉంటే ర్యాంకు వస్తుందా? రెండు రకాల పేర్లూ ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

రాజమండ్రిలో పచ్చళ్లు, పొడులు అమ్మే మా పిన్ని వ్యాపారానికి వెబ్‌సైట్ పని చూసేది నేనే. దానికి ఇన్నేళ్లలో రెండు రకాల డొమైన్లు, అంటే సైట్ చిరునామాలు, వాడాం. ఒకదానిలో రాష్ట్రం పేరు, సరుకు పేరు, ఆన్‌లైన్ అన్న మాట ఇంగ్లిష్‌లో కలిసి ఉంటాయి, చివర డాట్ ఇన్. జనం గూగుల్‌లో కొట్టే మాటలనే, అంటే కీవర్డ్‌లనే, పేరుగా పెట్టామన్నమాట. రెండోది ఉత్త ఇంటిపేరు, చివర డాట్ కామ్. ఏది పనిచేస్తుందో చూద్దామని కొంతకాలం రెండు సైట్లూ నడిపాం. పేజీలు వేర్వేరుగా రాశాం, ఫోన్ నంబరు మాత్రం ఒకటే. తర్వాత డాట్ ఇన్ సైట్‌ను డాట్ కామ్‌లో కలిపేశాను.

కీవర్డ్ ఉన్న పేరు వల్ల మాకు ర్యాంకు, అంటే గూగుల్ ఫలితాల్లో పై స్థానం, రాలేదు. ఇంటిపేరు వల్ల కూడా నేరుగా రాలేదు. కానీ ఇంటిపేరు జనానికి గుర్తుండిపోయింది. మళ్లీ కావాల్సినప్పుడు ఆ పేరే కొట్టి వెతకడం మొదలుపెట్టారు. ఆ వెతుకులాటలో మాకు పోటీ లేదు. నా దృష్టిలో డొమైన్ పేరు చేసే అసలు మేలు ఇదే.

కీవర్డ్ పేరు మీద జనానికి అంత నమ్మకం ఎందుకంటే, ఒకప్పుడు అది నిజంగానే పనిచేసింది. వెతికే మాట ఏదో అదే డొమైన్‌గా కొనేసి, లోపల నాలుగు నాసిరకం పేజీలు పెట్టినా పైకి వచ్చిన రోజులున్నాయి. 2012 సెప్టెంబరులో గూగుల్ దానికి అడ్డుకట్ట వేసింది. అమెరికాలో ఇంగ్లిష్ సెర్చ్‌లలో 0.6 శాతం మీద ఆ మార్పు ప్రభావం కనిపిస్తుందని అప్పట్లో గూగుల్‌లో ఉన్న మ్యాట్ కట్స్ ప్రకటించారు. ఇప్పుడు గూగుల్ కొత్తవాళ్ల కోసం పెట్టిన ఎస్ఈఓ (సెర్చ్‌లో సైట్ బాగా కనిపించేలా చేసే పని) గైడ్‌లోనే ఈ విషయం ఉంది: డొమైన్‌లో కీవర్డ్ ఉన్నంత మాత్రాన ర్యాంకింగ్‌లో తేడా దాదాపు ఉండదు. ఇంత జరిగినా ఇవాళ్టికీ మన ఊళ్లలో వెబ్‌సైట్ చేసిపెట్టేవాళ్లు "సార్, కీవర్డ్ డొమైన్ తీసుకుంటే ఆటోమేటిక్‌గా ఫస్ట్ పేజీ" అని చెప్పి నాలుగైదు పేర్లు అంటగడుతున్నారు. చిన్న వ్యాపారుల డబ్బు అలా పోతుంటే నాకు బాధగా ఉంటుంది. లోపల సరైన పేజీ లేకపోతే అది పేరు గొప్ప, ఊరు దిబ్బే.

మా డాట్ ఇన్ సైట్‌కు కూడా క్లిక్కులు వచ్చాయి. అయితే సైట్ యజమానులకు సెర్చ్ లెక్కలు చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే అవి ఏ పేజీలకు వచ్చాయో తెలిసేది. మాగాయ ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, గోంగూరలో నూనె పైకి తేలకపోతే ఏం చేయాలి, పచ్చడి సీసా విమానంలో ఎలా ప్యాక్ చేయాలి, ఇలాంటి ప్రశ్నలకు పిన్ని చెబుతుంటే నేను రాసిన పేజీలకే ఎక్కువ వచ్చాయి. అవే తరహా పేజీలు ఇంటిపేరు సైట్‌లో పెట్టినా అలాగే వచ్చాయి.

కీవర్డ్ పేరుతో ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. గూగుల్ ఫలితాల్లో లింకు పైన సైట్ పేరు విడిగా కనిపిస్తుంది కదా. సరుకు పేరు, ఊరి పేరు కలిపిన సాధారణమైన పేర్లను సైట్ పేరుగా చూపించే అవకాశం తక్కువని గూగుల్ తన సూచనల్లోనే చెబుతోంది. ఇంటిపేరు సైట్‌కు ఆ చిక్కు రాలేదు, హోమ్ పేజీలో సైట్ పేరు కోడ్ పెట్టాక చక్కగా అదే కనిపించింది.

అన్నిటికంటే తేడా తెలిసింది మాత్రం ఫోన్‌లో. మా ఆర్డర్లలో చాలా భాగం నోటిమాట మీద వచ్చేవే. డాలస్‌లో ఒకావిడ తన పక్కింటివాళ్లకు చెప్పాలి, వాళ్లు విని ఫోన్‌లో కొట్టాలి. మూడు మాటల పేరు ఉన్నప్పుడు పిన్ని, "అమ్మా, మధ్యలో గీత లేదు, అన్నీ కలిపేయి, చివర కామ్ కాదు ఇన్" అని ప్రతిసారీ చెప్పాల్సి వచ్చేది. సగం మంది చివర్లో డాట్ కామ్ కొట్టి వేరే చోటికి వెళ్లిపోయేవారు. ఇంటిపేరు వచ్చాక ఆ వివరణే అక్కర్లేకపోయింది.

తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టేవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆవకాయను ఒకరు చివర ‘వై ఏ’తో రాస్తారు, ఒకరు ‘ఐ’తో ఆపేస్తారు, ఇంకొకరు మొదట్లో రెండు ‘ఏ’లు పెడతారు. పచ్చళ్లు అన్న మాటనైతే ఇద్దరు ఒకేలా రాయడం నేను చూడలేదు. ‘సీ’ ఒకటా రెండా, ‘ఎల్’ ఒకటా రెండా, తేలదు. అందుకే డొమైన్ కొనే ముందు ఒక పరీక్ష పెట్టాం. పేరును ఫోన్‌లో పలికి, చుట్టాలతో, స్నేహితులతో, పిల్లలతో, పెద్దవాళ్లతో మెసేజ్‌గా రాసి పంపమన్నాం. ఎక్కువ మంది ఒకేలా రాసిన పేరే తీసుకున్నాం. దీర్ఘాలు, వత్తులు ఉన్న పేర్లన్నీ ఆ పరీక్షలోనే రాలిపోయాయి. రెండో స్పెల్లింగ్‌ను కూడా కొని అసలు సైట్‌కు మళ్లించాం. దీనివల్ల ర్యాంకు పెరగదు, తప్పుగా కొట్టినవాళ్లు దారి తప్పకుండా ఉంటారు, అంతే.

చివరి తోక సంగతి. డాట్ ఇన్ పెట్టుకుంటే మీ సైట్ ఇండియా వాళ్ల కోసమని గూగుల్‌కు ఒక సంకేతం వెళ్తుంది. అది బలహీనమైన సంకేతమేనని గూగుల్ అంటుంది. కిరాణా కొట్టుకో, కోచింగ్ సెంటర్‌కో, ఊళ్లో కేటరింగ్‌కో డాట్ ఇన్ హాయిగా సరిపోతుంది, నేనైతే నిస్సంకోచంగా తీసుకోమంటాను. మాకు అమెరికా, దుబాయ్ ఆర్డర్లు ముఖ్యం కాబట్టి ఏ దేశానికీ కట్టుబడని డాట్ కామ్ నయమనిపించింది. డాట్ స్టోర్, డాట్ ఆన్‌లైన్ లాంటి కొత్త తోకలకు గూగుల్ ప్రత్యేకంగా మేలూ చేయదు, కీడూ చేయదు. వాటిలో మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మురిసిపోకుండా రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడాలి. చాలాసార్లు అది మొదటి ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లూ దొరుకుతాయి. వాటిని వాడాలని నాకు ఎంతో ఇష్టం. కాకపోతే కాపీ చేసి ఇంకోచోట పెడితే చాలాసార్లు ఎక్స్ఎన్ అని మొదలయ్యే అర్థంకాని అక్షరాల వరుసగా మారిపోతుంది. వ్యాపారానికి అదొక్కటే చిరునామాగా పెట్టుకోవడానికి నేను సాహసించలేను.

డాట్ ఇన్ నుంచి డాట్ కామ్‌కు మారడం అనుకున్నంత టెన్షన్ పెట్టలేదు. ప్రతి పాత పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకే 301 మళ్లింపు (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పేది) పెట్టాలి, అన్నిటినీ హోమ్ పేజీకి తోలేయకూడదు. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేయాలి. క్లిక్కులు కొన్ని వారాలు తగ్గాయి, తర్వాత పుంజుకున్నాయి. మళ్లింపును కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. మేము మాత్రం పాత పేరును ఎప్పటికీ వదలం. ఎందుకంటే అది సీసాల లేబుళ్ల మీద అచ్చయి ఎన్నో వంటిళ్లలో ఉంది. వదిలేసిన పేర్లను కొని జూదం సైట్లు పెట్టేవాళ్లు తయారుగా ఉంటారు. 2024 మార్చిలో గూగుల్ ఇలాంటి పనిని స్పామ్‌గా లెక్కిస్తూ తన నిబంధనల్లో చేర్చింది. అయినా ఆ పేరు కొట్టిన మన కస్టమర్ కంట అది పడకుండా గూగుల్ ఆపలేదు కదా.

పాత పేరు కొనేవాళ్లు కూడా ఇది గమనించాలి. డొమైన్ ఎంత పాతదైతే అంత మంచిదన్న మాటలో పస లేదు. వెబ్‌సైట్ల పాత రూపాలను దాచి చూపించే వేబ్యాక్ మెషీన్‌లో దాని పాత పేజీలు చూడకుండా కొనొద్దు. మా వీధిలో ఒకరికి అమ్మజూపిన పేరు కింద అంతకుముందు విదేశీ మందుల అమ్మకం నడిచింది. చూసి వద్దన్నాం.

ఇక డొమైన్ ఎవరి ఖాతాలో ఉందన్నది. పేరు ఎంపిక మీద వారాలు చర్చించినవాళ్లు కూడా దీన్ని పట్టించుకోరు. మా మొదటి డొమైన్‌ను సైట్ చేసిపెట్టినతను తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. గడువు దాటితే డాట్ కామ్ లాంటి పేర్లకు ముందు కొన్నాళ్లు మామూలు ధరకే రెన్యువల్ దొరకొచ్చు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ దశలో పేరు తిరిగి ఇవ్వడానికి భారీగా అడుగుతారు, అదీ దాటితే 5 రోజుల్లో పేరు అందరికీ అమ్మకానికి వచ్చేస్తుంది. మా సంగతి అంతదాకా రాకముందే అతని అన్నగారి ద్వారా అడిగించి, డొమైన్‌ను మా చేతికి మార్చుకోవడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్ తెప్పించుకున్నాం. ఇప్పుడు మా డొమైన్లన్నీ పిన్ని పేరు మీద, పిన్ని ఈమెయిల్‌తో, ఆటో రెన్యువల్‌లో ఉన్నాయి. ఓటీపీ కూడా ఆవిడ ఫోన్‌కే వస్తుంది.