పాత బండి సెల్ఫ్, పసుపు మీటర్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

2016లో కాకినాడలోని ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో మూడు వందల యాభై రూపాయలు పెట్టి వోల్టులు, ఆంపియర్లు, ఓంలు కొలిచే ఒక పసుపు రంగు డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. ఒకే నమూనాను రకరకాల పేర్లతో అమ్ముతారు కనుక పేరుతో పనిలేదు. డీటీ 830 తరహా మీటర్ అని అడిగితే దుకాణదారుడు తీసి ఇస్తాడు. దీన్ని నేను దాదాపుగా ఒకే పనికి వాడాను. 2009లో కొన్న నా 150 సీసీ బండిలో సెల్ఫ్ ఎందుకు మొరాయిస్తోందో, కరెంటు ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టడమే ఆ పని. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇన్నేళ్లు తిరిగిన బండికి వైర్లను కలిపే కప్లర్లలో పచ్చని చిలుము, నెగటివ్ వైరును ఇంజిన్‌కు బిగించే ఎర్త్ బోల్టుకు తుప్పు తప్పవు కాబట్టి మీటర్ ఏ ఏడాదీ ఖాళీగా కూర్చోలేదు.

మొదటి ఏడాది మాత్రం దీనివల్ల నాకు లాభం కన్నా నష్టమే ఎక్కువ జరిగింది. పొద్దున పూట బటన్ నొక్కితే సెల్ఫ్ మోటారు మూలుగుతూ తిరిగేది, కొన్నిసార్లు మోటారుకు కరెంటు కలిపే రిలే ‘టక్’మని ఊరుకునేది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, అంటే నిండుగా ఛార్జి ఉంది. మీటర్‌ను, వైరు తెగకుండా ఉంటే మోగే బీప్ గుర్తు మీద పెట్టి బ్యాటరీ నుంచి రిలేకు, రిలే నుంచి మోటారుకు, ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఉన్న లావు వైర్లన్నీ పరీక్షించాను. అన్నీ చక్కగా బీప్ అన్నాయి. వైర్లు బాగున్నాయి, బ్యాటరీ బాగుంది, కనుక మోటారే పోయిందని తీర్మానించుకుని, మెకానిక్ కూడా అదే మాట అనడంతో, కొత్త మోటారు వేయించాను. రెండో రోజు పొద్దున మళ్లీ అదే మూలుగు.

ఈ మీటర్‌తో ఓం కొలిచేటప్పుడు దాని వైర్ల చివరి రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనిస్తేనే అర ఓం దాకా చూపిస్తుంది, ఎందుకంటే దాని వైర్లకే అంత నిరోధం ఉంటుంది. సెల్ఫ్ వైరులో చెడు చేయడానికి అందులో పాతికో వంతు చాలు. 0.02 ఓం నిరోధం గుండా 50 ఆంపియర్లు పోతే ఒక వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది, ఆ 0.02 ఈ తెర మీద కనబడే ప్రసక్తే లేదు. ఒక్క రాగి పోగు మిగిలిన వైరుకు కూడా బీప్ వస్తుంది, ఆ పోగు మోటారును తిప్పలేదు. కరెంటు పారని వైరును ఇలాంటి మీటర్‌తో కొలిస్తే, పూర్తిగా తెగితే తప్ప, అది మంచిదిగానే కనబడుతుందన్న సంగతి కొత్త మోటారు ఖరీదు పోశాక గాని నాకు బోధపడలేదు.

అప్పటి నుంచి కొలతలన్నీ బటన్ నొక్కి ఉంచే చేస్తున్నాను. డయల్‌ను ముందు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ బోల్టుకు, రెండో మొనను పెయింటు లేని చోట ఇంజిన్ లోహానికి ఆనించి, సెల్ఫ్ నొక్కి రెండు మూడు సెకన్లు చూడాలి. ఎర్త్ సరిగ్గా ఉంటే 0.2 దాటదు. నా బండిలో 1.6 వచ్చింది. ఆ సమయంలో బ్యాటరీ బోల్టుల దగ్గర 10.4 వోల్టులే ఉన్నాయి, పాజిటివ్ వైపు కూడా కొద్దిగా తగ్గుతుంది కనుక మోటారుకు చేరింది ఎనిమిదిన్నర వోల్టుల చిల్లర; మూలగక ఏం చేస్తుంది? ఎర్త్ వైరు చివరి రింగును విప్పితే, నొక్కి బిగించిన చోట లోపలంతా చిలుము. కొత్త వైరు వేసి, బోల్టు కూర్చునే చోటును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాశాను. అంకె 0.11కు దిగింది. తీసేసిన పాత మోటారును తిరిగి పెట్టి చూస్తే అదీ చక్కగా తిరిగింది. ఇప్పటికీ బండిలో ఉన్నది అదే.

సన్న వైర్లలో మరో రకం మోసం ఉంది. 2019లో బటన్ నొక్కితే రిలే ‘టక్’ కూడా అనడం మానేసింది. రిలే కప్లర్ ఊడదీసి కొలిస్తే 12.4 వోల్టులు కనబడ్డాయి, కప్లర్ తగిలించి వెనుక నుంచి మొన గుచ్చి కొలిస్తే 4 వోల్టులే. మీటర్ తాను తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి చిలుము పట్టిన స్విచ్ వెనుక కూడా పూర్తి వోల్టేజీ కనబడుతుంది. రిలే కాయిల్ కరెంటు లాగగానే అది కుప్పకూలుతుంది. లోపం బటన్ లోపలి పలకల దగ్గర దొరికింది. ఇలాంటి చోట పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్ట్ ల్యాంప్ మీటర్ కన్నా నమ్మకమైనదని ఒప్పుకోవాలి. 10 వాట్ల బల్బు నిండుగా వెలిగితే ఆ వైరు అంతపాటి కరెంటును మోస్తున్నట్టే. హ్యాండిల్ మెడ దగ్గర, తిప్పి తిప్పి తొడుగు లోపలే తెగిన వైరును కూడా, హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పుతూ, బల్బు మిణుకుమనే చోటు చూసి పట్టుకున్నాను. మీటర్ తెర సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది కనుక అంత చిన్న కుదుపు దానికి అందదు.

రెండు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ చచ్చిపోతున్న కాలంలో మాత్రం మీటరే దారి చూపింది. తాళం ఆపి, నెగటివ్ వైరు ఊడదీసి, మీటర్‌ను ముందు 10 ఆంపియర్ల రంధ్రంతో మధ్యలో కలిపితే 0.18 ఆంపియర్లు చూపించింది. గడియారం కూడా లేని నా బండిలో అక్కడ సున్నా ఉండాలి. 9 ఆంపియర్ అవర్ల బ్యాటరీని అంత కారుడు 50 గంటల్లో ఖాళీ చేసేస్తుంది. ఒక్కొక్క కప్లరూ తీస్తూ పోతే, బ్యాటరీకి వెళ్లే ఛార్జింగు వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కప్లర్ దగ్గర అంకె సున్నాకు పడింది. కొత్త రెగ్యులేటర్ వేశాక, ఇంజిన్ వేగం కాస్త పెంచినప్పుడు బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు నిలకడగా వస్తున్నాయి.

ఈ పరీక్షలోనే ప్రమాదమూ జరిగింది. మీటర్ మధ్యలో ఉండగా మా బావమరిది సాయం చేద్దామనుకుని తాళం తిప్పి సెల్ఫ్ నొక్కాడు. ఈ మీటర్‌లో 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజ్ లేదు, ఆ సంగతి దాని పక్కనే సన్నని అక్షరాలతో రాసి ఉంటుంది. మీటర్ వైరు తొడుగు కరిగి పొగ వచ్చింది. మీటర్ ఎలాగో బతికింది. పిల్లలున్న ఇంట్లో ఈ కొలత చేసేవారు తాళం జేబులో వేసుకోవాలి.

మీటర్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు అది అంకెలను ఎక్కువ చేసి చూపిస్తుంది. ఒకసారి 15.3 వోల్టులు చూసి కొత్త రెగ్యులేటర్ కూడా పోయిందని కంగారు పడ్డాను, మీటర్‌లో బ్యాటరీ మార్చాక అది 14.2 అయింది. మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ తిరగకపోతే అది మోటారు తిప్పుడును ఇంజిన్‌కు అందించే స్టార్టర్ క్లచ్ వ్యవహారం, దానికి మీటర్ తీయడమే దండగ. సెల్ఫ్ లాగే కరెంటును నేరుగా చూడాలంటే వైరును చుట్టి పట్టుకుని కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, చవకవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి కనుక డీసీ అని రాసి ఉన్నదో లేదో చూసుకోవాలి.

తొమ్మిదేళ్లలో మీటర్ వైర్లు రెండుసార్లు తెగాయి. ఇప్పుడు డయల్ అరిగి, 20 వోల్టుల గీత మీద కాస్త కదిలిస్తే తప్ప అంకె నిలవడం లేదు. ఈసారి 10 ఆంపియర్ల రంధ్రానికీ ఫ్యూజ్ ఉన్నది, మొసలి క్లిప్పులతో కలిపి, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను.