తీర్థన్ ఏట్లో ట్రౌట్ గాలం: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

హిమాచల్‌లో ట్రౌట్ (చల్లని కొండ ఏళ్లలో ఉండే చేప) వేటకు నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నిషేధం. మార్చి 1న తెరుస్తారు గానీ అప్పటికి కులూ జిల్లాలోని తీర్థన్ ఏటి నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉంటాయి, చేప అడుగు వదిలి రాదు. ఏప్రిల్ సగం దాటితే పైకొండల మంచు కరిగి, మధ్యాహ్నానికల్లా ఏరు పొంగి మసకబారుతుంది. ఫ్లై గాలానికి (పురుగులా కట్టిన తేలికైన ఎరతో వేసేది) మార్చి 20 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచి అదను. సెలవు దానికి సరిపెట్టుకుని, ఆ తర్వాతే బస వెతకండి.

ఢిల్లీ నుంచి మనాలి రాత్రి బస్సు ఎక్కి, ఔట్ సొరంగానికి ముందే దిగాలి. కండక్టరుకు ముందుగా చెప్పకపోతే దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగం దాటి అవతల తేలతారు. అక్కడి నుంచి బంజార్, ఆపైన గుషైనీ. నగదు బంజార్‌లోనే తీసుకోండి.

బస విషయంలో మా మాట ఒకటే: మెట్లు దిగితే ఏరు తగలాలి. బంజార్ హోటళ్లకు ఏరు దూరం, రోజూ జీపు పెట్టుకోవాలి. నాగిని దగ్గర రోడ్డూ ఏరూ పక్కపక్కనే, నడక తక్కువ, జనం ఎక్కువ. గుషైనీ వైపు హోమ్‌స్టేలు మేలు. వాటిలో కొన్ని అవతలి ఒడ్డున ఉంటాయి, తీగ మీద నడిచే బుట్టలో దాటాలి. చూడ్డానికి ఎంత బాగున్నా, బుట్ట లాగే మనిషి ఏ వేళల్లో ఉంటాడో అడిగి మరీ బుక్ చేసుకోండి. ఒడ్డున గుడారాలు మార్చిలో వద్దు. రాత్రి తేమకు బూట్లు ఆరవు. ఇంట్లో గది వేడెక్కించే కట్టెల పొయ్యి (తందూర్) ఉంటే తెల్లారేసరికి ఆరిపోతాయి. రాత్రి భోజనంలో నెయ్యి పోసిన సిడ్డూ (ఆవిరి మీద ఉడికించే గోధుమ రొట్టె) పెడితే అదో అదృష్టం.

మన చెరువుల దగ్గరలా కోడికూతకు లేవక్కర్లేదు. ఎండ నీళ్ల మీద పడి పురుగులు లేచేది తొమ్మిది దాటాకే. పది నుంచి రెండు దాకా బాగా పడతాయి. ఏప్రిల్ ముదిరితే మాత్రం నీళ్లు పెరగకముందే, పదకొండుకల్లా ముగించాలి.

లైసెన్సు మత్స్యశాఖది. చాలా ఇళ్లవాళ్లే ఇప్పిస్తారు, కానీ మీ పేరు, తేదీ సరిచూసుకోండి. గైడ్లలో చాలామంది చెంచా ఎర స్పిన్నింగ్ రాడ్లే తెస్తారు. కాబట్టి ఫ్లై సామాను సొంతంగా పట్టుకెళ్లడం నయం: 9 అడుగుల 5 వెయిట్ రాడ్డు (5 అంటే అది మోసే లైను బరువు నంబరు), తేలే లైను, దాని కొసకు 9 అడుగుల లీడర్ (పోనుపోను సన్నబడే దారం), చివర ఫ్లై కట్టడానికి రెండడుగుల 5ఎక్స్ టిప్పెట్ (సన్నని దారం). ఫ్లైలలో మునిగేందుకు పూసతల ఫెజంట్ టెయిల్, హేర్స్ ఇయర్ 14, 16 సైజులు, పైన తేలేందుకు ఎల్క్ హెయిర్ కాడిస్. బూట్లకు ఫెల్ట్ అడుగు తప్పనిసరి. ఆ గుండ్రాళ్ల మీద రబ్బరు నిలవదు.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి బండ వెనక నిలబడుతుంది. అందుకే దిగువ నుంచి, నీడ పడకుండా వెళ్లాలి. నీళ్లు రెండడుగుల లోతుంటే బెండును ఫ్లైకి మూడడుగుల పైన కట్టి, బండకు ఐదారడుగుల ఎగువన వేయండి. పక్కనున్న నురగ ఎంత వేగంతో పోతుందో బెండూ అంతే పోవాలి. ముందుకు ఉరికితే లైను లాగుతోందని అర్థం, చేప ముట్టదు. రాడ్డు కొన ఎత్తి, లైను నడుమ భాగాన్ని ఎగువకు తిప్పి పడెయ్యండి. బెండు ఆగినా, ఒక్క క్షణం మునిగినా వెంటనే కొన లేపాలి. ఆలస్యమైతే ఉమ్మేస్తుంది.

పడ్డ చేపలు ఎక్కువగా తెంపుకుపోయేది టిప్పెట్లో పడ్డ ముడి వల్లే. గాలిలో లైను అటూఇటూ ఆడిస్తే చిన్న ముడి పడి బలం సగానికి పడిపోతుంది. మధ్యమధ్య వేళ్లతో తడిమి చూడండి, ముడి తగిలితే ఆ ముక్క కోసేయండి. వెనక చెట్లుంటే రోల్ కాస్టే దారి, అంటే లైనును వెనక్కి విసరకుండా నీళ్ల మీద నుంచే ముందుకు దొర్లించడం.

గాలానికి ఎదురుముల్లును పటకారుతో అణిచేయాలి. చెయ్యి తడుపుకుని, నీళ్లలోనే పట్టుకుని వదలాలి. పొడి చెయ్యి ఒంటి జిగటను తుడిచేస్తుంది, ఆ తర్వాత బూజు పడుతుంది. బ్రౌన్ ట్రౌట్ పక్కల ఎర్ర చుక్క చుట్టూ పాలిపోయిన వలయం ఉంటుంది. అది చూడాలన్నా నీళ్లలోనే చూడండి.

గుషైనీ పైన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు గేటు దాటాక గాలం వేయకూడదు.

తీర్థన్‌లో గది దొరక్కపోతే మండి జిల్లా బరోత్ దగ్గర ఉహల్ ఏరు ఉంది. శానన్ విద్యుత్ కేంద్రానికి నీళ్లు మళ్లిస్తారు కాబట్టి ఆనకట్టకు ఎగువనే వేయాలి. వారాంతం రద్దీ, సోమవారం నుంచి గురువారం మేలు. సిమ్లా జిల్లా రోహ్డూ దగ్గర పబ్బర్ ఏట్లో నీళ్లు వెడల్పు, వెనక చెట్లు తక్కువ. కొత్తగా కాస్టింగ్ నేర్చుకునేవాళ్లు ముందు అక్కడికి వెళ్లండి.