ఛాతీలో మంటకు రాత్రి పూట అన్నమా, చపాతీయా?

ఈ నెలలో ఆఫీసులో నలుగురు ఇదే అడిగారు. పులిత్రేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లు రాత్రి అన్నం తినాలా, చపాతీ తినాలా అని. రెండేళ్లు చపాతీ తిని, 7 నెలల కిందట అన్నానికి మారినవాణ్ని కాబట్టి రెండింటి సంగతీ చెప్పగలను. అయితే నా జవాబులో సగం గడియారం గురించే ఉంటుంది.

ముందు చపాతీ. నూనె లేకుండా కాల్చిన పుల్కాతో పేచీ లేదు, పక్కన చేరే కూరతోనే పేచీ. పుల్కా పొడిగా ఉంటుంది కనుక ముద్ద దిగడానికి గ్రేవీ కావాలి. గ్రేవీ అంటే మన ఇళ్లలో ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, టమాటా, పైన తేలే నూనె. కొవ్వు ఎక్కువైతే జీర్ణాశయం తొందరగా ఖాళీ కాదు. అన్నవాహిక చివర బిగిసి ఉండాల్సిన కవాటమూ వదులవుతుంది. టమాటా పులుపు చాలామందికి మంట పెంచుతుంది. నేను తిన్నది రెండు పుల్కాలే, కానీ ఆలూ కుర్మా గిన్నెడు. తేలికగా తింటున్నాననే అనుకున్నాను.

అన్నంలో కొవ్వు దాదాపు ఉండదు, మెత్తగా దిగిపోతుంది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ వంటి నీటి కూరలు, పెసరపప్పు దానికి చాలు. చింతపండు పులుసు, గోంగూర, ఆవకాయ కలిపితే మాత్రం ఆ మేలంతా పోతుంది. పైగా అన్నం తెలియకుండానే ఎక్కువ తింటాం, కడుపు ఉబ్బిన కొద్దీ కవాటం మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఒక కప్పు కొలుచుకుని తింటాను. షుగరు ఉన్నవాళ్లు నన్ను చూసి అన్నానికి మారకండి. పుల్కాతోనే ఉండి కూర మార్చుకోండి.

ఇక గడియారం. ఇల్లు నాగోలులో, పని రాయదుర్గంలో. మెట్రో దిగి ఇల్లు చేరేసరికి రాత్రి 10 అవుతుంది. 10:15కి వేడి పుల్కాలు, 11కి పడక. ఒంటిగంటకు పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. దగ్గుతూ లేచి, గోడకు ఆనుకుని, మళ్లీ పడుకోవడానికి భయపడుతూ కూర్చునేవాణ్ని. నిలబడినా, కూర్చున్నా జీర్ణరసం కిందే ఉంటుంది. నిండు కడుపుతో వెల్లకిలా పడుకుంటే పైకి రావడానికి దానికి అడ్డేముంది? భోజనానికీ పడకకూ మధ్య కనీసం 3 గంటలు ఉండాలని వైద్యులు చెప్పేది అందుకే.

ఇప్పుడు సాయంత్రం 7 గంటలకు ఆఫీసులోనే తింటున్నాను. ఉదయం అమ్మ కట్టిచ్చిన స్టీలు డబ్బా అక్కడి ఫ్రిజ్‌లో ఉంటుంది. బోర్లిస్తే అన్నం డబ్బా ఆకారంలోనే అచ్చులా పళ్లెంలో పడుతుంది. చెంచాడు నీళ్లు చిలకరించి బాగా వేడి చేస్తే మళ్లీ పొడిపొడిగా విడిపోతుంది. దాని మీద బీరకాయ కూర, పక్కన పులవని పెరుగు కొంచెం. అమ్మకు మొదట్లో కష్టంగా ఉండేది. “ఇంటికొచ్చిన బిడ్డకు వేడిగా ఇంత పెట్టకుండా ఎలారా?” అనేది. నాకోసం 10 దాకా కాచుకుని కూర్చోవడం తప్పాక తనూ ఏడున్నరకే తినేస్తోంది. తన త్రేన్పులూ తగ్గాయి.

అదే 7 గంటలకు రెండు వారాలు పుల్కాలూ తిని చూశాను. రాత్రి మంట రాలేదు. కాబట్టి వేళ మార్చుకోగలిగితే రెండూ మంచివే. నా ఓటు మాత్రం అన్నానికి. డబ్బాలో పుల్కా అట్టలా బిగుసుకుపోతుంది, అప్పుడు మళ్లీ గ్రేవీ మీదికి మనసు పోతుంది. వేళ మార్చుకోలేనివాళ్లు సాయంత్రమే ముప్పావు వంతు తినేసి, ఇంటికొచ్చాక నాలుగు ముద్దలతో సరిపెట్టుకోండి. తలవైపు మంచం కోళ్ల కింద 6 అంగుళాల ఎత్తు పెట్టుకుని, ఎడమవైపు తిరిగి పడుకోండి. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర ఒళ్లు వంగి, కడుపు నొక్కుకుపోతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఇడ్లీ మంచిదే, కారం చట్నీ తగ్గిస్తే. ఓట్స్ సరే. చల్లటి పాలు కాసేపు హాయినిస్తాయి, తరువాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. పుదీనా అరుగుదలకు మంచిదని తాగుతుంటారు గానీ, అది కవాటాన్ని వదులు చేస్తుంది. సాయంత్రం ఇరానీ చాయ్ నేను మానేశాను.

ముద్ద దిగడం కష్టమైనా, విరేచనం నల్లగా వచ్చినా, ఊరికే బరువు తగ్గుతున్నా తిండి మార్పులతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించుకోండి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే అది గ్యాసని సర్దిచెప్పుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బిర్యానీ మానేశావా అని కూడా అడుగుతున్నారు. లేదు. శనివారం రాత్రి తినేది ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను. సగం ప్లేటు, పెరుగు పచ్చడితో. సాలన్ ముట్టుకోను.